పచ్చబడిన చేపల తొట్టి: కడగడమా, సరిదిద్దడమా?

మా ఇల్లు పటాన్‌చెరు పారిశ్రామికవాడకు చేరువలో ఉంది. పిల్లలు ఎంతోకాలంగా అడుగుతుంటే ఒక చేపల తొట్టి కొన్నాము. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అందులో ఆరు మోలీలు, నాలుగు గప్పీలు వదిలాము. మొదటి రెండు నెలలు ఇంటికి వచ్చిన ప్రతి అతిథినీ పిల్లలు ముందుగా ఆ తొట్టి దగ్గరికే తీసుకువెళ్ళేవారు. ఆ తరువాత అద్దాలకు పచ్చని పాకుడు పట్టింది. గులకరాళ్ళ మీద వెంట్రుకల వంటి నాచు అల్లుకున్నది. చివరికి నీరే ఆకుపసరు కలిపినట్లు మారి, లోపల చేపలున్నాయో లేవో తెలియని స్థితి ఏర్పడింది.

ఒక ఆదివారం ఉదయం నేను నడుం బిగించాను. చేపలను బకెట్టులో వేశాను. గులకరాళ్ళను మరిగే నీటిలో కడిగాను. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పిండి పిండి తెల్లబరిచాను. అద్దాలకు బ్లీచింగ్ పౌడరు పెట్టి రుద్దాను. కొత్త నీరు నింపి, జుహ్ర్ నమాజు వేళకు చేపలను తిరిగి వదిలాను. ఆ సాయంత్రం తొట్టి దుకాణంలో ఉన్నదానికంటే ఎక్కువగా మెరిసింది. మూడవ రోజున చేపలు నీటి పైభాగానికి వచ్చి నోళ్ళు తెరుస్తూ కనిపించాయి. వారం తిరిగేసరికి పదింటిలో ఏడు చనిపోయాయి.

మా చిన్నమ్మాయి ఏడుపు ఆపుకుని ఒక ప్రశ్న వేసింది: “అబ్బా, మురికిగా ఉన్నన్నాళ్ళూ బతికే ఉన్నాయి కదా! శుభ్రం చేశాక ఎందుకు చచ్చిపోయాయి?”

ఆనాడు నా వద్ద సమాధానం లేదు. ఆ సమాధానాన్ని వెతుక్కుంటూ నేర్చుకున్న విషయాలే ఈ వ్యాసం. నాచు పట్టిన తొట్టిని, అందులోని ప్రాణులకు హాని కలగకుండా, మొక్కలతో కళకళలాడే తొట్టిగా మార్చుకోవడం సాధ్యమే. అందుకు కావలసినది డబ్బు కంటే ఓపిక.

గాజు గోడల మధ్య ఒక చెరువు

చేపలు మేత తింటాయి, విసర్జిస్తాయి. ఆ వ్యర్థాల నుండి, మిగిలిపోయిన మేత కుళ్ళడం నుండి అమోనియా పుడుతుంది. అది చేపల మొప్పలను కాల్చే విషం. అయినప్పటికీ చెరువులో చేపలు బతుకుతున్నాయంటే అందుకు కారణం కంటికి కనిపించని సూక్ష్మజీవులు. వాటిలో ఒక రకం అమోనియాను నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటు కూడా విషమే. మరొక రకం దానిని నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు మితంగా ఉన్నంతవరకు చేపలకు పెద్దగా హాని చేయదు. మొక్కలకు అది ఆహారం.

ఈ మేలు చేసే సూక్ష్మజీవులు నీటిలో తేలుతూ ఉండవు. ఫిల్టర్ స్పాంజి రంధ్రాలలో, గులకరాళ్ళ మీద, అద్దాల మీద పలుచని పొరలా అంటిపెట్టుకుని ఉంటాయి. కొత్త తొట్టిలో అవి తగినంతగా వృద్ధి చెందడానికి సాధారణంగా మూడు నుండి ఆరు వారాలు పడుతుంది. కుళాయి నీటిలోని క్లోరిన్, మరిగే నీరు, బ్లీచింగ్ పౌడరు ఈ మూడూ వాటిని చంపేస్తాయి. నేను ఆ ఆదివారం ఈ మూడింటినీ ప్రయోగించాను. మురికితోపాటు ఆ తొట్టిని నడిపిస్తున్న యంత్రాంగాన్నే కడిగి పారబోశాను. చేపలు తమ వ్యర్థాల విషంలో తామే ఉక్కిరిబిక్కిరి అయ్యాయి. మా అమ్మాయి ప్రశ్నకు సమాధానం ఇదే.

మరొక ప్రమాదం కూడా ఉంది. నెలల తరబడి నీరు మార్చని తొట్టిలో ఆమ్లత్వం క్రమంగా పెరుగుతుంది, అంటే పీహెచ్ విలువ తగ్గుతుంది. ఆ స్థితిలో అమోనియాలో అధికభాగం అంతగా హాని చేయని అమోనియం రూపంలో ఉంటుంది. మన ప్రాంతపు బోరు నీరు చాలాచోట్ల కఠినజలం, దాని పీహెచ్ ఎక్కువ. పాత నీటిని ఒక్కసారిగా తీసివేసి ఇటువంటి నీటిని నింపితే, మిగిలివున్న అమోనియం ఒక్క ఉదుటున విషపు అమోనియాగా మారుతుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే ఈ విషరూపం పాళ్ళు దాదాపు పదిరెట్లు అవుతాయి. నీటి వేడి పెరిగినా ఆ పాళ్ళు పెరుగుతాయి. కనుక వేసవిలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

నాచు ఎందుకు పెరుగుతుంది?

నాచుకు మూడు వస్తువులు చాలు: నీరు, వెలుతురు, ఎరువు. కిటికీ పక్కన ఉంచిన తొట్టికి ఎండ తగులుతుంది. రాత్రి పదింటి వరకు దీపం వెలుగుతుంది. పిల్లలు ప్రేమకొద్దీ రోజుకు మూడు నాలుగు సార్లు మేత వేస్తారు. తినగా మిగిలిన మేత, చేపల వ్యర్థాలు నైట్రేటుగా, ఫాస్ఫేటుగా మారి నీటిలో పేరుకుంటాయి. ఆ మిగులును అందుకునే మొక్క ఏదీ లేనప్పుడు నాచు అందుకుంటుంది. మనం దానిని ఎన్నిసార్లు గీకివేసినా వెలుతురు, ఎరువు అలాగే ఉన్నంతకాలం అది మళ్ళీ వస్తుంది.

అందువల్ల నాచు రకాన్ని గుర్తించడం మొదటి పని. కొత్త తొట్టిలో గోధుమరంగు పొడిలా కనిపించేది సాధారణంగా కొన్ని వారాలలో తానే తగ్గిపోతుంది. మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. అద్దం మీది పచ్చని చుక్కలు, దారాల వంటి నాచు అధిక వెలుతురుకు సూచన. నీరంతా పచ్చబడితే నాచు నీటిలోనే తేలుతున్నదని అర్థం. నీలం కలిసిన ముదురు ఆకుపచ్చ రంగులో, జిగటగా, దుర్వాసనతో పొరలు పొరలుగా ఊడివచ్చేది నిజానికి నాచు కాదు, సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల సమూహం. ఈ పొరను గొట్టంతో పీల్చి బయటికి తీసివేయాలి.

ఒక రసాయనవేత్త అనుభవం

మొక్కలతో తొట్టిని సరిదిద్దడం కొత్త ఆలోచన కాదు. లండన్ నగరంలో ఔషధాల తయారీతో సంబంధమున్న అపోథెకరీస్ సంస్థలో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయనవేత్త పనిచేసేవారు. ఆయన ఒక గాజుపాత్రలో గోల్డ్‌ఫిష్‌లను, వాలిస్నేరియా అనే నీటిమొక్కను కలిపి ఉంచి పరిశీలించారు. మొక్క విడుదల చేసే ప్రాణవాయువు చేపలకు, చేపల వ్యర్థాలు మొక్కకు ఉపయోగపడతాయని ఆయన భావన. కొంతకాలానికి మొక్క ఆకులు కుళ్ళి నీరు మడ్డిగా మారింది, పాత్రకు పచ్చని పాకుడు పట్టింది. ఆయన పాత్రను కడిగి మళ్ళీ మొదలుపెట్టలేదు. ప్రకృతిలో ఈ కుళ్ళును తినే జీవి ఏదని ఆలోచించి నీటినత్తలను వదిలారు. నత్తలు కుళ్ళిన ఆకులను, పాకుడును తినివేయగా నీరు తేటబడింది. ఈ పరిశీలనను ఆయన 1850లో ప్రచురించారు. ఇళ్ళలో అక్వేరియంలు వ్యాపించడానికి పునాది వేసిన ప్రయోగాలలో ఇదొకటి.

లోపించిన భాగమేదో గుర్తించి దానిని చేర్చడమే ఆయన చేసిన పని. పటాన్‌చెరులో ఔషధ పరిశ్రమల మధ్య నివసించే మనకు ఒక ఔషధ రసాయనవేత్త నేర్పిన ఈ పాఠం ప్రత్యేకంగా గుర్తుండదగినది.

మొదటి రెండు వారాలు

ఇప్పుడు ఆచరణకు వద్దాము. పైన చెప్పిన కొలతల తొట్టిలో అంచువరకు నింపితే సుమారు 56 లీటర్ల నీరు పడుతుంది. గులకరాళ్ళు, పైన వదిలే ఖాళీ పోగా దాదాపు 50 లీటర్లుంటుంది. ఈ లెక్కనే ఉదాహరణగా తీసుకుందాము.

చేపలను బయటికి తీయవద్దు. మొదట తొట్టి దీపం ఆపివేయాలి. ఎండ తగిలే చోట ఉంటే కిటికీకి తెర వేయాలి. నిండుగా ఉన్న తొట్టిని జరపడం ప్రమాదకరం, అద్దాల అతుకులు విడిపోతాయి. ఒకటి రెండు రోజులు మేత ఆపవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు దానివల్ల హాని లేదు. అక్వేరియం దుకాణాలలో దొరికే పరీక్ష సామగ్రితో అమోనియా, నైట్రైటు, పీహెచ్ చూడాలి. తొట్టి నీటిని, నింపబోయే నీటిని రెండింటినీ పరీక్షించి విలువలను కాగితం మీద రాసుకోవాలి. రెండింటి మధ్య తేడా ఎంత ఎక్కువైతే మార్పు అంత నెమ్మదిగా జరగాలి.

తరువాత రోజు విడిచి రోజు ఐదారు లీటర్ల చొప్పున నీరు మార్చాలి. సైఫన్ గొట్టంతో అడుగున పేరుకున్న మడ్డిని కొద్దికొద్దిగా లాగివేయాలి. గొట్టాన్ని నోటితో పీల్చి ప్రారంభించవద్దు. గొట్టాన్ని నీటితో నింపి బొటనవేలితో మూసి, కిందికి దించి వదిలితే చాలు. కొత్త నీటిలో ముందుగా క్లోరిన్‌ను పోగొట్టాలి. దుకాణాలలో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు సులభమైన మార్గం. లేదా వెడల్పాటి బకెట్టులో నీటిని ఒక రోజంతా మూత లేకుండా ఉంచాలి. క్లోరమైన్ కలిపిన నీటికి ఈ రెండవ పద్ధతి పనిచేయదు కనుక చుక్కలే మేలు. పరిశ్రమల చుట్టుపక్కల బోరు నీటిలో ఏమి కలిసి ఉన్నదో రంగు, వాసన ద్వారా తెలియదు. తాగడానికి సరఫరా అయ్యే నీటినే, క్లోరిన్ తొలగించి, వాడడం శ్రేయస్కరం.

అద్దాల మీది పాకుడును పాత ప్లాస్టిక్ కార్డుతో గీకాలి. దారాల వంటి నాచును పాత టూత్‌బ్రష్‌కు చుట్టి లాగితే ఊడివస్తుంది. ఒకరోజు ఒక అద్దం, మరొక రోజు ఇంకొక అద్దం చొప్పున చేయాలి. వెనుక అద్దాన్ని అలాగే వదిలినా నష్టం లేదు. ఫిల్టర్ స్పాంజిని తొట్టి నుండి తీసిన పాత నీటిలోనే రెండుసార్లు మెల్లగా పిండి తిరిగి పెట్టాలి. అది గోధుమరంగులోనే ఉండాలి. ఆ రంగును చూసి అసహ్యపడనక్కరలేదు. చేపల ప్రాణాలను కాపాడే జీవులు అందులోనే ఉన్నాయి.

నీరంతా పచ్చబడి ఉంటే తొట్టిని మూడు రోజులపాటు దళసరి గుడ్డతో కప్పి ఉంచవచ్చు. గాలి ఆడేందుకు పైభాగం కొంత వదలాలి. ఎయిర్ పంపు ఆగకుండా నడవాలి. చనిపోయిన నాచు కుళ్ళేటప్పుడు ప్రాణవాయువును హరిస్తుంది. కనుక గుడ్డ తీసిన వెంటనే పది పన్నెండు లీటర్ల నీరు మార్చాలి.

మొక్కలను నాటడం

మూడవ వారంలో మొక్కలు తేవచ్చు. తొలిసారి పెంచేవారికి సులభమైనవి నాలుగైదు ఉన్నాయి. వాలిస్నేరియా పొడవైన రిబ్బన్ల వంటి ఆకులతో వెనుక వరుసకు సరిపోతుంది, కఠినజలాన్ని తట్టుకుంటుంది. హైడ్రిల్లా మన చెరువులలో పుట్టిన మొక్కే. వేగంగా పెరుగుతుంది, అంతే వేగంగా నీటిలోని మిగులు ఎరువును పీల్చుకుంటుంది. జావా ఫెర్న్, అనుబియాస్ మొక్కలను మట్టిలో పాతనవసరం లేదు. ఒక రాయికి దారంతో కడితే చాలు. వాటి అడ్డంగా పెరిగే కాండాన్ని ఇసుకలో పూడ్చితే కుళ్ళిపోతుంది.

ఒకటి రెండు మొక్కలు పెట్టి ఫలితం కోసం ఎదురుచూస్తే నాచుదే పైచేయి అవుతుంది. మొదటి రోజే అడుగుభాగంలో సగానికి మించి మొక్కలు ఉండాలి. వేగంగా పెరిగేవాటిని ఎక్కువగా తీసుకోవాలి. కొత్త చోట నాటిన మొక్కల పాత ఆకులు కొన్ని వాడి కరిగిపోతాయి. వాటిని కత్తిరించి తీసివేయాలి, వేరును కదపకూడదు. కొత్త చిగురు రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు.

చెరువులలో ఊరికే దొరుకుతాయి కదా అని మొక్కలను అక్కడినుండి తెచ్చుకోవద్దు. వాటితోపాటు చేపపిల్లలను తినే తూనీగ లార్వాలు, పరాన్నజీవులు, మన ప్రాంతంలోనైతే రసాయనాలు కూడా ఇంటికి వస్తాయి. దుకాణం నుండి తెచ్చినవాటినైనా విడిగా ఒక బకెట్టులో వారం రోజులు ఉంచి, నీరు మారుస్తూ, ఆకుల అడుగున నత్తగుడ్లు, పురుగులు ఉన్నాయేమో చూసి తరువాత నాటాలి.

అడుగున రెండు అంగుళాల మందాన కడిగిన సన్నని గులకరాళ్ళు లేదా ముతక ఇసుక చాలు. రాళ్ళ మీద కొద్దిగా వెనిగర్ వేసినప్పుడు నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్లు. అటువంటి రాళ్ళు నీటిని మరింత కఠినం చేస్తాయి. చేపలు ఉన్న తొట్టిలో మట్టి పోయకూడదు. మన పొలాల నల్లరేగడి నీటిలో ఉబ్బి బురదగా మారుతుంది. ఎరువుల దుకాణంలోని యూరియా, డీఏపీ చిటికెడు కూడా వేయరాదు. యూరియా నీటిలో అమోనియాగా మారుతుంది. చేపల వ్యర్థాలే ఈ మొక్కలకు చాలావరకు సరిపోయే ఎరువు.

వెలుతురు, మేత, చేపల సంఖ్య

మొక్కలు పెట్టాక దీపం రోజుకు ఆరు గంటలు మాత్రమే వెలగాలి. చిగుళ్ళు వచ్చి పెరుగుదల కనిపించాక ఎనిమిది గంటలకు పెంచవచ్చు. మనం మరచిపోతాము కనుక చిన్న టైమరు పెట్టుకోవడం మంచిది. నాచు మళ్ళీ కనిపిస్తే ముందుగా తగ్గించవలసినది వెలుతురునే.

మేత రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాలలో చేపలు పూర్తిగా తినగలిగినంత మాత్రమే వేయాలి. ఇంట్లో మేత వేసే బాధ్యత ఒక్కరిదే కావాలి. లేకపోతే పెద్దవాడు వేశాడని తెలియక చిన్నవాడు, చిన్నవాడు వేశాడని తెలియక నానమ్మ వేస్తారు.

నాచు తింటుందని చెప్పి దుకాణదారులు అంటగట్టే సక్కర్ చేపను కొనవద్దు. అది అడుగుకు మించి పెరుగుతుంది. చాలా ఎక్కువగా విసర్జిస్తుంది. గోల్డ్‌ఫిష్ మెత్తని మొక్కలను కొరికివేస్తుంది. కఠినజలానికి అలవాటుపడే మోలీ, గప్పీ, ప్లాటీ చేపలు మన ఇళ్ళకు అనువైనవి. కొత్త చేపలను కనీసం నెలన్నర వరకు తేవద్దు. తరువాతైనా ఒక్కసారిగా పదింటిని కాక, రెండు మూడు చొప్పున చేర్చాలి.

పగటివేళ ప్రాణవాయువును ఇచ్చే మొక్కలే చీకటిలో దానిని వాడుకుంటాయి. కనుక రాత్రంతా ఎయిర్ పంపు నడవాలి. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. వేసవిలో తొట్టి మూత తీసి పైన జాలీ వేసి, నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాను గాలి తగలనిస్తే నీరు కొంత చల్లబడుతుంది. తగ్గిన నీటిని ఏరోజుకారోజు నింపాలి. కరెంటు పోయినప్పుడు పనిచేసే బ్యాటరీ పంపు ఒకటి ఇంట్లో ఉండటం అవసరం.

ఇంటిల్లిపాది క్షేమం

తొట్టిలో చేయి పెట్టేముందు అన్ని ప్లగ్గులూ తీసివేయాలి. ప్రతి తీగా సాకెట్టుకంటే కిందికి వంగి, మళ్ళీ పైకి వెళ్ళి సాకెట్టును చేరేలా అమర్చితే తీగవెంట జారే నీటిబొట్టు అక్కడే కిందపడుతుంది, విద్యుత్తును చేరదు. చేతికి గాయమున్నప్పుడు తొట్టి నీటిని తాకవద్దు. చేపల నుండి సోకే ఒక మొండి చర్మవ్యాధి గాయాలలోనుండే ప్రవేశిస్తుంది. పని ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తొట్టి పనులకు ఒక బకెట్టును ప్రత్యేకించాలి. బట్టలు నానబెట్టిన బకెట్టును వాడరాదు.

బ్లీచింగ్ పౌడరును, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను ఎట్టి పరిస్థితులలోనూ కలపకూడదు. వాటి కలయికలో క్లోరిన్ వాయువు వెలువడి మనుషుల ప్రాణాలకే ముప్పు వస్తుంది.

నాచును చంపే మందులు దుకాణాలలో దొరుకుతాయి. వాటిలో కొన్ని రాగి కలిసినవి. రాగి నత్తలను, రొయ్యలను చంపుతుంది. మరికొందరు సయనోబాక్టీరియాను చంపడానికి యాంటీబయాటిక్ పొడులు వేయమంటారు. ఈ సలహాను పటాన్‌చెరు ప్రాంతవాసులు విన్న వెంటనే తిరస్కరించాలి. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు సమీపంలోని ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుండి వెలువడే నీటిని పరీక్షించి ఫలితాలను ప్రచురించారు. దాదాపు 90 ఔషధ తయారీ సంస్థల వ్యర్థజలం ఆ కేంద్రానికి చేరుతుండేది. శుద్ధి జరిగిన తరువాత కూడా ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనిపించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. ఇటువంటి నీటిలో బతికి బట్టకట్టే సూక్ష్మజీవులు మందులకు లొంగనివిగా తయారవుతాయి. ప్రపంచమంతా మన ఊరి పేరును ఆందోళనతో ప్రస్తావించిన సందర్భమది. అద్దం మీది పాకుడు కోసం మనం కూడా మన వంతు యాంటీబయాటిక్‌ను మురుగుకాలువలో కలపడం ఏ విధంగా సమంజసం?

తొట్టి నుండి చెరువు వరకు

గాజుతొట్టిలో జరిగేదే చెరువులోనూ జరుగుతుంది. మురుగునీటితో వచ్చే నైట్రేటు, ఫాస్ఫేటు చెరువును పచ్చబరుస్తాయి, గుర్రపుడెక్కతో నింపుతాయి. దానికి పరిశ్రమల వ్యర్థాలు తోడైతే జరిగేదేమిటో ఈ ప్రాంతం చూసింది. 2017 అక్టోబరులో అమీన్‌పూర్ మండలంలోని గండిగూడెం చెరువులో చేపలు పెద్దయెత్తున చనిపోయి తేలాయి. పరిశ్రమల వ్యర్థాలే ఇందుకు కారణమని మత్స్యకారులు ఆరోపించారు. చేపల పెంపకం మీదనే ఆధారపడిన కుటుంబాలకు అది బతుకుదెరువు పోయిన రోజు. పటాన్‌చెరు పరిశ్రమల కలుషిత జలాలను మోసిన నక్కవాగు మంజీరా నదిలో కలుస్తుంది, మంజీరా గోదావరిలో కలుస్తుంది. ఒకచోట పారబోసినది ఆ ఒక్కచోటనే ఆగిపోదు.

అదే మండలంలోని అమీన్‌పూర్ చెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిదని చెబుతారు. ఎన్నో రకాల పక్షులకు నెలవైన ఆ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఒకే మండలంలో ఒక చెరువు రక్షణకు, మరొక చెరువు వినాశనానికి ఉదాహరణలుగా నిలిచాయి.

ఇందులో మన ఇంటి తొట్టికి సంబంధించిన బాధ్యత కూడా ఉంది. పెంచలేమని అనిపించిన చేపలను, కత్తిరించిన మొక్కలను చెరువులో వదలడం పుణ్యకార్యమని కొందరు భావిస్తారు. అది హాని. ఎవరో అలా వదిలిన సక్కర్ చేపలు ఈనాడు తెలుగు రాష్ట్రాల జలాలలో వ్యాపించి, దెయ్యం చేపలన్న పేరుతో మత్స్యకారుల వలలను చింపుతున్నాయి. పెంచలేని చేపను తెలిసినవారికి గాని, దుకాణానికి గాని తిరిగి ఇవ్వాలి. కత్తిరించిన మొక్కలను ఎండబెట్టి కంపోస్టులో వేయాలి. మందులు కలపని తొట్టి నీటిని కాలువలో పోయకుండా పూలకుండీలకు పోస్తే అదే మంచి ఎరువు, ఒక్క చుక్క కూడా వృథా కాదు.

బంధించినవారి బాధ్యత

దైవప్రవక్త (సల్లం) సహచరులు అనస్ (రజి) గారి చిన్న తమ్ముడు అబూ ఉమైర్‌కు ఒక చిట్టి పక్షి ఉండేది. అది చనిపోయి ఆ పిల్లవాడు దిగులుగా ఉన్నప్పుడు దైవప్రవక్త (సల్లం) ఆ పక్షి పేరెత్తి ఆప్యాయంగా పలకరించారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. ఇంట్లో పక్షిని పెంచుకోవడం అనుమతించబడినదని ధర్మవేత్తలు ఈ ఉదంతం ఆధారంగా చెప్పారు. పిల్లి ఉదంతం కూడా అవే గ్రంథాలలో ఉంది. పిల్లిని బంధించి, తానూ మేత పెట్టక, అది స్వయంగా వెతుక్కునే వీలూ ఇవ్వక దాని చావుకు కారణమైన స్త్రీ శిక్షకు గురైంది. ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడు పెంచుకునే అనుమతి, దానితోపాటు వచ్చే జవాబుదారీ మనకు అర్థమవుతాయి. పిల్లికి మేత ఎటువంటిదో చేపకు నీరు అటువంటిది. తాను ఉండే నీటిని అది మార్చుకోలేదు, విడిచిపోలేదు. దాని నీటి సంగతి తెలుసుకోవడం దానిని గాజుగోడల మధ్య ఉంచినవారి విధి.

మా తొట్టిలో మిగిలిన మూడు చేపలతో మళ్ళీ ప్రారంభించాము. ఈసారి ఆదివారం ఒక్కరోజులో ముగించాలనుకోలేదు. మా అమ్మాయి ఒక నోటుపుస్తకంలో తేదీ, మార్చిన నీరు, అమోనియా విలువ, కొత్త చిగుళ్ళ సంఖ్య రాస్తూ వచ్చింది. ఆరవ వారానికి నీరు తేటబడింది. మూడవ నెలలో వాలిస్నేరియా నీటి ఉపరితలాన్ని అందుకున్నది. వెనుక అద్దం మీద కొద్దిగా పాకుడు ఇంకా ఉంది, మోలీలు దానిని కొరుక్కు తింటుంటాయి. ఒక ఉదయం మొక్కల మధ్య ఆవగింజంత కళ్ళతో చేపపిల్లలు కనిపించాయి. మా అమ్మాయి వాటిని లెక్కించబోయి, అవి ఆకుల చాటుకు పోగా, తన పుస్తకంలో ఇలా రాసుకున్నది: “తొమ్మిదో, పదో. ఈరోజు నీళ్ళు మార్చలేదు, మేత వేశాను.”